స్వంత కోరికపై బదిలీ

మా శాఖ పేరు చెప్పను. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళకి నా వల్ల తలనొప్పి ఎందుకు? విజయనగరంలో ఒక ప్రభుత్వ ఆఫీసు, అందులో ముప్పై మూడేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అంత తెలిస్తే చాలు. నా పేరు జగదీశ్వరి. నోటి దురుసు మనిషినని అందరూ అనేవారు, నేనూ కాదనను. సెలవు చీటీ ఇవ్వకుండా నాలుగు రోజులు మాయమైన ఒక ఆఫీసరుని, "తప్పిపోయారని పేపర్లో వేయిద్దామనుకుంటున్నామండీ, ఫొటో ఒకటి ఇస్తారా?" అని అందరి ముందూ అడిగినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది ఆ నోరు పెగలని ఒక రోజు గురించి.

తవిటమ్మ నా స్నేహితురాలు. నాకంటే రెండేళ్ళు ముందు, ఎనభైతొమ్మిదిలో, శ్రీకాకుళంలో మా శాఖలోనే జూనియర్ అసిస్టెంటుగా చేరింది. అత్తవారిది నరసన్నపేట దగ్గర పల్లె, నాలుగెకరాల వరి. ఆ ఊళ్ళో ప్రభుత్వోద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడది ఆవిడే. తొంభైమూడులో కూతురు సుహాసిని పుట్టింది. పిల్లకి మూడో నెల రాగానే తవిటమ్మని విజయనగరం బదిలీ చేశారు. ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. అందులో ఒక ముక్కకి అర్థం "ఆమె స్వంత కోరికపై" అని.

ఆవిడ కోరలేదు. శ్రీకాకుళంలో ఆవిడ కూర్చునే కుర్చీ ఇంకెవరికో కావలసి వచ్చింది. ఊరికే పంపితే కారణం రాయాలి, ప్రయాణ భత్యం ఇవ్వాలి. తనే అడిగిందని రాస్తే ఏ గొడవా ఉండదు. అదేమిటండీ అని తవిటమ్మ అడిగితే, "అవి టైపు మాటలమ్మా, ముందు వెళ్ళి చేరండి" అన్నారట. ఆవిడ చేరింది. చేరి, నేను అడగలేదని ఒక ఉత్తరం కూడా రాసింది. దానికి జవాబు రాలేదు.

మా వీధిలోనే ఒక గది అద్దెకి తీసుకుంది. గంటస్తంభం దగ్గర ఇద్దరం ఒకే ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం, ఒకే ఆటోలో తిరిగొచ్చేవాళ్ళం. భర్త పొలం వదిలి రాలేడు, చంటిపిల్లని చూసుకునే దిక్కు ఇక్కడ లేదు. పిల్ల ఆ పల్లెలోనే నాయనమ్మ మరిడమ్మ దగ్గర ఉండిపోయింది. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి సోమవారం పొద్దున్న వచ్చేది తవిటమ్మ. మొదటి ఆరు నెలలూ మధ్యాహ్నం పూట రికార్డు గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. పాలు పిండి పారబోసుకుని, కళ్ళు తుడుచుకుని, వచ్చి టైపు కొట్టుకునేది.

ఇంతలో ఎవరో ఆ ఆర్డరు మరిడమ్మకి చదివి వినిపించారు. "కోడలు దానంతటదే అడిగి ఎల్లిపోనాది. ఉజ్జోగం మీద మోజుతో బిడ్డనొగ్గీసింది" అని ఆవిడ ఊరంతా చెప్పింది. పిల్లకీ అదే చెప్పి పెంచింది. సుహాసిని నాయనమ్మని అమ్మ అనేది, కన్నతల్లిని విజీనారం అమ్మ అనేది. పద్నాలుగేళ్ళ వయసులో పెట్టెలో ఆ ఆర్డరు దొరికితే తనే చదువుకుంది. నేను అడగలేదమ్మా అని తవిటమ్మ ఏడ్చింది. "కాయితంలో ఉన్నాది కదా" అని ఆ పిల్ల పెట్టె మూసేసిందట.

అప్పటినుంచి తవిటమ్మకి ఇంకో కాగితం కావాలి. ప్రభుత్వం సంతకంతో, ఈమె బదిలీ అడగలేదు అని రాసిన కాగితం. మిగతాదంతా ఆవిడకి అక్కర్లేదు. కానీ మా సర్వీసు గొడవల్లో కావలసిన ఒక్క ముక్క విడిగా దొరకదు. అడిగి బదిలీ చేయించుకున్నవాళ్ళు కొత్త జిల్లాలో అందరికంటే కింద చేరాలి. ప్రభుత్వమే పంపితే పాత సీనియారిటీ వెంట వస్తుంది. అదీ రూలు. తవిటమ్మ అడిగి వచ్చిందని రాసుకున్నారు కాబట్టి, రెండేళ్ళ తర్వాత సర్వీసులో చేరిన నేను ఆవిడకి సీనియర్నైపోయాను. నాకు రెండువేల ఒకటిలో ప్రమోషన్ వస్తే ఆవిడకి రెండువేల తొమ్మిదిలో వచ్చింది. నేను సూపరింటెండెంటునయ్యాక ఆవిడ నా కిందే సీనియర్ అసిస్టెంటుగా ఉండిపోయింది. అర్జీలు పెట్టి పెట్టి విసిగి, చివరికి కోర్టుకి వెళ్ళింది. "ఆమె మాట విని, కారణాలు రాసి తేల్చండి" అని కోర్టు మా శాఖకి చెప్పింది. ఆవిడ మాట నెగ్గితే నాకు ప్రమోషన్లు ఇచ్చిన తేదీల నుంచే ఆవిడకీ వెనక్కి లెక్కకట్టి ఇవ్వాలి. కోర్టు కాగితాల్లో "ఆమె జూనియర్" అని ఉన్నచోటల్లా అది నేనే.

"ఒసే జూనియరూ, టీ తాగుదాం రాయే" అని పిలిచేది నన్ను. నవ్వేవాళ్ళం. "ఇస్తే ఇవ్వనీ, నా నెత్తిన ఉన్నదేమీ ఊడిపోదు" అని నేను ఆఫీసంతా వినబడేలా అనేదాన్ని. నిజంగానే అనుకున్నాను ఆ మాట. మనసులో ఏ కల్మషమూ లేదు, నేను రిటైరైన ఏడాది ఏప్రిల్లో కుమారి నా టేబుల్ దగ్గరకి వచ్చేదాకా.

కుమారి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్, అంటే మా ఉద్యోగుల సర్వీసు ఫైళ్ళు, చూస్తుంది. వారంలో జిల్లా ఆఫీసరు గురుప్రసాద్ గారి ముందు తవిటమ్మ విచారణ ఉందనగా పాత ఫైలు పట్టుకొచ్చింది.

"మేడం, తవిటమ్మగారు బదిలీ అడిగినట్టు అర్జీ ఎక్కడా లేదు. తొంభైమూడులో ఆవిడ రాసిన ఉత్తరం మాత్రం ఉన్నాది. ఆవిడ నెగ్గాలి. కానీ ఇదిగో, ఇది సూడండి."

తొంభై ఎనిమిదిలో తయారైన సీనియారిటీ జాబితా అది. జాబితా అందరికీ తిప్పి, చూశామని సంతకాలు తీసుకుని, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వమనేవారు. తవిటమ్మ పేరు అట్టడుగున ఉంది. పక్కన "స్వంత కోరికపై బదిలీ" అని ఉంది. జాబితా వెనక సంతకాల కాగితం, అందులో తవిటమ్మ సంతకం.

"సూసి, సంతకం పెట్టి, ఊరుకున్నారు కదా మేడం. పదిహేను రోజులకి బదులు పదేళ్ళకి లేచి కాదంటే ఎవులొప్పుకుంటారు? ఈ కాయితం ఉన్నంతవరకు ఆవిడ కేసు నిలబడదు. నాకా జాబితా సూపించనేదని కోర్టులో రాసినారు. ఇదేటి మరి?"

ఆ సంతకం నాది.

మా ఇద్దరి మధ్యా సంతకాలకి విలువ ఉండేది కాదు. సోమవారం నరసన్నపేట బస్సు ఆలస్యమైతే హాజరు పట్టీలో ఆవిడ సంతకం నేను పెట్టేదాన్ని. మా మావగారి ఆబ్దికం రోజు నా సంతకం ఆవిడ పెట్టేది. ఆఫీసులో సగంమంది అలాగే చేసేవారు. "నీ సంతకం నీకంటే నానే బాగా పెడతన్నానే" అని వెక్కిరించేది కూడా. సంతకం కింద గీత గీసి రెండు చుక్కలు పెట్టడం నా అలవాటు, ఎవరి పేరు రాసినా ఆ చుక్కలు వచ్చేస్తాయి. తవిటమ్మ గీత గియ్యదు. ఆ కాగితంలో నా పేరు కిందా, ఆవిడ పేరు కిందా అవే రెండు చుక్కలు.

గుర్తొచ్చింది. సుహాసినికి టైఫాయిడ్ అని తవిటమ్మ సెలవు పెట్టి వెళ్ళిన వారం. అటెండరు పోతురాజు జాబితా పట్టుకొచ్చి, "ఈయాలే తిరిగి పంపాలంటమ్మా, సంతకాలెట్టీయండి" అన్నాడు. జాబితాలో నా నంబరు తొమ్మిది. సంబరపడ్డాను. నాది పెట్టి, కింద ఆవిడదీ పెట్టేసి ఇచ్చేశాను. ఆవిడ పేరు ఎక్కడుందో చూడలేదు. పేజీ తిప్పి ఉంటే చాలు, తిప్పలేదు. సెలవు నుంచి వచ్చాక చెప్పాలని కూడా తోచలేదు. పోతురాజు పోయి పదేళ్ళయింది.

ఫైలు కుమారికి తిరిగిచ్చి మంచినీళ్ళు తాగాను.

ఒకరి సంతకం ఇంకొకరు పెట్టి ప్రభుత్వ రికార్డులో దాఖలు చెయ్యడం చిన్న నేరం కాదు. ముందు సస్పెన్షను, తర్వాత విచారణ. పెన్షన్ ఆగుతుంది. పైగా ఆ సంతకం వల్ల ప్రమోషన్లు పొందినది నేనే, కావాలనే చేసిందంటారు. నా రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళున్నారనీ, పెళ్ళికెదిగిన పిల్లలున్నారనీ సాకులు చెప్పను. ఎవరూ లేరు. మా ఆయన వేంకటాచలం గారికి టీచరు పెన్షన్ వస్తోంది. నాది వట్టి భయం.

ఆ వారమంతా ఆటోలో పక్కపక్కనే కూర్చున్నాం. చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. ఒకసారి వంకాయల ధర గురించి మాట్లాడాను, ఒకసారి ఎండల గురించి. మూడోసారి ఊరికే దగ్గాను. తవిటమ్మ మాత్రం పెళ్ళి కుదిరిన పిల్లలా ఉంది.

"అర్జీ దొరకనేదంటే ఇంకేటున్నాదే? ఈసారి వస్తాది. ఆర్డరు రాగానే పోనులో పొటో తీసి సుహాసినికి పంపుతాను. ఇంకేటీ రాయను. సదువుకోమని ఒగ్గేస్తాను."

"రానీ, వచ్చాక చూద్దాం" అన్నాను.

నాకు నేను ఒక దారి చెప్పుకున్నాను. ఆవిడ ఆ సంతకం చూస్తుంది, నాది కాదంటుంది. పరీక్షకి పంపుతారు. మన ఆఫీసుల్లో అలాంటివి తేలడానికి ఏళ్ళు పడతాయి. ఆలోగా నేను దిగిపోతాను, ఆవిడ కేసు తెరుచుకుంటుంది. ఇద్దరికీ మంచిదే అనుకున్నాను. ఆవిడ పని ఆవిడ చేసుకుంటే నేను నోరు మెదపక్కర్లేదన్నది అసలు లెక్క.

విచారణ పొద్దున్న పదకొండింటికి. గురుప్రసాద్ గారు చిన్నవాడు, మర్యాదస్తుడు, ఫైలు పూర్తిగా చదివే రకం. ఆయన ముందు రెండు కుర్చీలు, ఒకదాంట్లో తవిటమ్మ, రెండోదాంట్లో ఈ కేసు వల్ల సీనియారిటీ మారే మనిషిగా నేను. కుమారి ఫైలు పట్టుకుని పక్కన నిలబడింది.

"మీరు బదిలీ కోరినట్టు అర్జీ ఎక్కడా లేదమ్మా. అది మీకు అనుకూలం" అన్నారాయన. "ఒక్కటే చిక్కు. తొంభై ఎనిమిది జాబితా మీకు చూపించలేదని రాశారు. నిజమేనా?"

"నిజమేనండి. నా కంటికి సూపించనేదు."

"మరి ఈ సంతకం?"

కుమారి కాగితం ముందు పెట్టింది. తవిటమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. వేలు తన పేరు మీద పెట్టింది, కింద గీత దాకా తీసుకెళ్ళింది, రెండు చుక్కల దగ్గర ఆగింది. తర్వాత ఆ వేలు మెల్లిగా పైకి, నా సంతకం దాకా వెళ్ళింది. మళ్ళీ కిందికి వచ్చింది. నేను ఆ వేలునే చూస్తున్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు.

"అమ్మా, ఇది మీది కాదంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు గురుప్రసాద్ గారు. "ఎవరు పెట్టారో తేలుస్తాను. తేలితే వాళ్ళు సర్వీసులో ఉన్నా, దిగిపోయినా చర్య తప్పదు. మీ కేసు మాత్రం తెరుస్తాను."

దిగిపోయినా అన్న మాటతో నేను చెప్పుకున్న దారి మూసుకుపోయింది.

తవిటమ్మ కాగితం మీద వేలు అలాగే ఉంచి చాలాసేపు కూర్చుంది. తొందరేం లేదమ్మా అన్నారాయన. ఆవిడ తొందర పడలేదు. గోడ మీది గడియారం కేసి చూసింది, టేబుల్ మీది పేపరువెయిట్ కేసి చూసింది, తలుపు కేసి చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నాదేనండి" అంది చివరికి.

"ఇప్పుడే కదమ్మా, చూడలేదన్నారు?"

"మర్సిపోనానండి. పెద్దదాన్నైపోనాను కదా."

ఆయనకి నమ్మకం కుదరలేదు. కాసేపు ఆవిడని చూసి నా వైపు తిరిగారు. "జగదీశ్వరి గారూ, మీరు ఈవిడతో అప్పటినుంచీ పనిచేస్తున్నారు. మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

అడిగారు. నన్నే, పేరు పెట్టి అడిగారు. రెండే మాటలు, ఆ సంతకం నాదండీ అని. నా జీవితంలో అడగకుండా ఎన్ని మాటలన్నానో లెక్క లేదు.

"ఏం లేదండి" అన్నాను.

ఆయన కాగితం ఫైల్లో పెట్టి, ఫైలు మూసి, తాడు కట్టమని కుమారికి ఇచ్చారు.

ఆ సాయంత్రం కూడా ఒకే ఆటోలో తిరిగొచ్చాం. సంతకం తనదేననుకుందేమో, నిజంగా మరిచిపోయిందేమో అని నేను ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ. ఆ వేలు నా సంతకం దాకా వెళ్ళిరావడం నేను చూడలేదూ? దిగేటప్పుడు రోజూలాగే "ఎల్తన్నానే" అంది. జూనియరూ అనలేదు.

జూన్‌లో ఆర్డరు వచ్చింది. నాలుగు పేజీలు. జాబితా చూసి సంతకం చేసినట్టు ఆమే విచారణలో ఒప్పుకున్నందువల్ల, ఆనాడు అభ్యంతరం చెప్పనందువల్ల, వెనక తేదీ నుంచి ప్రమోషన్ ఇవ్వడం కుదరదన్నారు. స్వంత కోరికపై జరిగిన బదిలీగానే రికార్డు ఉంటుందని ఆఖరి పేరాలో ఉంది. ఒక కాపీ తవిటమ్మకి, ఒక కాపీ నాకు. ఆవిడ కాపీ మీద సంతకం పెట్టి తీసుకుంది. గీత లేకుండా.

జూలై ఆఖరు తారీఖున తవిటమ్మ రిటైరైంది. మీటింగు హాల్లో కుర్చీలు వేసి, అరటిపళ్ళూ స్వీటూ కారబ్బూందీ పొట్లాలూ తెప్పించి, శాలువా, దండా సిద్ధం చేశాం. సుహాసిని కూడా వచ్చింది. శ్రీకాకుళంలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. మంచి పిల్ల, తల్లి పోలికే. తల్లి పక్కన కాకుండా రెండో వరసలో అతిథిలా కూర్చుంది.

దిగిపోయేవాళ్ళ సర్వీసు వివరాలు సూపరింటెండెంటు పైకి చదవడం మా ఆఫీసులో ఆనవాయితీ. సర్వీసు రిజిస్టరు నా చేతికి ఇచ్చారు. ఎనభైతొమ్మిదిలో చేరారు అని చదివాను. తొంభైమూడు దగ్గరకి వచ్చాను. "విజయనగరం బదిలీ అయ్యారు" అని చదివి, స్వంత కోరికపై అన్న ముక్క వదిలేసి ముందుకు వెళ్ళిపోయాను. ఎవరూ గమనించలేదు. తవిటమ్మ ఒక్కర్తే తలెత్తి చూసింది. చప్పట్లు కొట్టారు. దండ వేశారు. మీ స్నేహితురాలి గురించి నాలుగు మాటలు చెప్పండి అంటే నేను ఏడ్చేశాను. అది స్నేహం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అందరూ పొట్లాలు విప్పుతున్నప్పుడు సుహాసినిని వరండాలోకి తీసుకెళ్ళాను. పోనీ, ఇదైనా చేద్దామనుకున్నాను.

"అమ్మా సుహాసినీ, మీ అమ్మ ఆ బదిలీ అడగలేదు. నేను ఎదురుగా చూసినదాన్ని. నీ కోసం ఎంత ఏడ్చిందో నాకు తెలుసు."

ఆ పిల్ల మర్యాదగానే విన్నది. "ఆంటీ, నేనూ ఈమధ్య అలాగే అనుకున్నాను. కేసు వేశాక, పెద్దవాళ్ళు తేలుస్తారు కదా, నిజమేనేమో అనుకున్నాను. మొన్న ఆర్డరు వచ్చిందిగా, అడిగి చదివాను. అమ్మే ఒప్పుకుందిట, తనకి తెలిసే సంతకం పెట్టానని." చేతిలోని పొట్లం ముడి బిగించింది. "పోన్లెండి ఆంటీ. నాయనమ్మ నన్ను బాగానే చూసింది. నాకేం కోపం లేదు."

"ఆ సంతకం…" అన్నాను.

"సుహాసినీ!" తవిటమ్మ దండ చేత్తో పట్టుకుని వచ్చింది. "ఎల్లి ఆటో పిలువమ్మా. బస్సు టైమవుతన్నాది." ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళింది. ఇద్దరం మిగిలాం.

"దానికేటీ సెప్పకు" అంది.

"నీకు తెలుసు" అన్నాను. "తెలిసీ నీదన్నావెందుకే?"

"నా నోటితో నీ పేరెలా సెప్పనే? చర్య అన్నాడు కదా ఆయన." దండలో విడిపోయిన పువ్వొకటి తీసి వరండా గోడ మీద పెట్టింది. "నువ్వు సెప్తావని సూసేను. నీకేసి సూస్తే నిన్ను తోసినట్టవుతాదని సూడనేదు. గోడకేసి సూసేను, తలుపుకేసి సూసేను. ఎంతసేపు కూకున్నాను, సూసినావు కదా. ఎంతకీ సెప్పవు. సరే, ఏటి సేస్తాను, నాదన్నాను. అప్పటికీ ఆయన నిన్ను పేరెట్టి అడిగినాడు. హమ్మయ్య, ఇప్పుడు సెప్తాదనుకున్నాను."

ఆ మాటల్లో కోపం ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. లేదు. బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఆటో వచ్చి మెట్ల దగ్గర ఆగింది. సుహాసిని లోపల జరిగి, శాలువా సంచీ ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచింది. "మీరూ రండి ఆంటీ, మీ వీధి మీదుగానే కదా వెళ్ళేది. దింపేసి వెళ్తాం."

నేను ఒక మెట్టు దిగాను.

"దానికి ఆపీసులో పనున్నాదమ్మా" అంది తవిటమ్మ ఆటో ఎక్కుతూ. "పోనీ బాబూ."

నాకు ఆ రోజు ఇంకే పనీ లేదు.